మోటర్‌హోమ్ టైరు పేలితే కాలు ఎక్కడుండాలి?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. మోటర్‌హోమ్‌కు, అంటే లోపల ఇల్లులా అమర్చిన బండికి, ముందు టైరు పేలితే బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ నొక్కాలంటున్నారు, అది నిజమేనా అన్నది ఒకటి. అసలు అంతదాకా రాకుండా ముందే ఏం చూసుకోవాలన్నది రెండోది. మొదటిదానికి జవాబు అవును, కాకపోతే ఎందుకు నొక్కుతున్నామో, ఎంతసేపు నొక్కాలో తెలిసి నొక్కాలి. రెండోదానికి జవాబు పొడుగు. అసలు పనంతా అందులోనే ఉంది.

ముందు ఆ రెండు మూడు సెకన్ల సంగతి. బండి నిలకడగా పోతున్నప్పుడు ఇంజిను ముందుకు తోస్తుంటుంది, ఎదురుగాలీ రోడ్డు రాపిడీ వెనక్కి లాగుతుంటాయి. రెండూ సరితూగబట్టే వేగం మారదు. ఇప్పుడు ఎడమ ముందు టైరు పేలిందనుకోండి. ఆ మూల కుంగుతుంది, ఖాళీ టైరు రోడ్డును ఈడ్చుకుంటూ పోతుంది. లాగుడంతా ఒక మూలకే చేరడంతో బండి ముక్కు అటువైపు తిరుగుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే బండి బరువు ముందుకు, అంటే ఆ చచ్చిన టైరు మీదికే ఒరుగుతుంది. బాగున్న కుడి టైరు పట్టంతా ఆపడానికే ఖర్చయి, బండిని తిన్నగా నిలపడానికి మిగలదు. టైరు అంచు రిమ్ము నుంచి ఊడిందంటే రిమ్ము నేరుగా రోడ్డులో దిగబడుతుంది. పేలిన టైరు వల్ల బోల్తా పడ్డాయనుకునే బండ్లు చాలావరకు ఆ తర్వాత తొక్కిన బ్రేకు వల్లా, భయంతో గిరుక్కున తిప్పిన స్టీరింగ్ వల్లా పడతాయని నా అభిప్రాయం.

యాక్సిలరేటర్ నొక్కేది వేగం పెంచడానికి కాదు. వెనక చక్రాలు తిన్నగా ముందుకు తోస్తుంటే ముక్కు పక్కకు తిరిగే పోకడ తగ్గుతుంది, స్టీరింగ్ సరిచేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. బరువైన బండిలో పెడల్ అడుగుదాకా నొక్కినా ఒకటి రెండు సెకన్లలో వేగం పెరిగేది ఏమంత కాదు. ఆ అదనపు శక్తిని ఖాళీ టైరే మింగేస్తుంది. కాబట్టి చప్పుడు వినగానే రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి, కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి ఒకటి రెండు సెకన్లు నొక్కండి, బండి ఎటు లాగుతుంటే దానికి ఎదురు స్టీరింగ్ ఇచ్చి మీ లేనులోనే నిలపండి. ఒక్కసారిగా ఎక్కువ తిప్పకండి. బండి తిన్నగా పోతోందని తేలాకే కాలు మెల్లమెల్లగా పైకి తీయండి. ఆపే పని ఖాళీ టైరుకే వదిలేయండి, అది చక్కగా ఆపుతుంది. వేగం గంటకు 40, 50 కిలోమీటర్లకు పడ్డాక అవసరమైతే బ్రేకు మెత్తగా తాకించొచ్చు.

ఇందులో జనం మరిచిపోయే సంగతులు రెండు. డీజిల్ బండిలో ఎగ్జాస్ట్ బ్రేకో ఇంజిన్ బ్రేకో (ఇంజిను చేతే బండి వేగం తగ్గించే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, కాలు పూర్తిగా తీయగానే అది వెనక చక్రాలను గట్టిగా పట్టేస్తుంది. మీరు బ్రేకు తొక్కకపోయినా తొక్కినట్టే. అందుకే బండి కుదుటపడ్డాక ముందు ఆ స్విచ్ ఆపి, తర్వాత కాలు తీయాలి. రెండోది క్రూయిజ్ కంట్రోల్, అంటే కాలు పెట్టకుండానే వేగాన్ని నిలిపి ఉంచే ఏర్పాటు. దాన్ని బ్రేకు తాకించి కాకుండా బటన్‌తో రద్దు చేయాలి. ఈ రెండు స్విచ్‌లూ చూడకుండా చేతికి తగిలేదాకా, బండి నిలిపి ఉన్నప్పుడే పది ఇరవై సార్లు సాధన చేయండి. పేలిన క్షణంలో ఆలోచించే వ్యవధి ఉండదు, చేతికి అలవాటైందే జరుగుతుంది. హజార్డ్ లైట్లు కూడా బండి అదుపులోకి వచ్చాకే.

అన్ని బండ్లకూ ఇది ఒకేలా వర్తించదు. వ్యాన్ మీద కట్టిన చిన్న క్యాంపర్లలో చాలావాటికి ముందు చక్రాలే తోస్తాయి. పేలింది ఆ తోసే చక్రమే అయితే పెడల్ అడుగుదాకా నొక్కడం తెలివైన పని కాదు. కాలు ఉన్నచోటే కదలకుండా ఉంచి స్టీరింగ్ చూసుకోండి, చాలు. ముందు దగ్గరలోనే బండ్లు ఆగి ఉంటే బ్రేకు తప్పదు. అప్పుడు కూడా ముందు బండిని తిన్నగా చేసుకుని, పెడల్ మీద ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచుతూ వేయాలి.

వెనక జంట టైర్లలో ఒకటి పేలితే స్టీరింగ్‌కు దాదాపు ఏమీ తెలియకపోవచ్చు. చప్పుడు, ఆ తర్వాత ఏదో కొట్టుకుంటున్న మోత. దాంతో బండి బాగానే పోతోంది కదా అని పక్క ఊరిదాకా లాగించేస్తారు. అదే పెద్ద తప్పు. ఊడిన ట్రెడ్ (రోడ్డుకు ఆనే పైపొర) చక్రంతోపాటు తిరుగుతూ కొరడాలా కొడుతుంది. వీల్ గూడు పైన ఉండే ప్లైవుడ్ నేల, వాడిన నీళ్ల ట్యాంకు, వైర్ల కట్టలు, గ్యాస్ పైపు, బ్రేకు గొట్టం, ఏది అందితే దాన్ని చీలుస్తుంది. పైగా గాలి లేని టైరు జత టైరుకు రాసుకుంటూ వేడెక్కి అంటుకుంటుంది. అదుపులోకి రాగానే ఆపాల్సిందే.

వెనక కట్టి లాగుతున్న కారు టైరు పోతే అసలు తెలియదు. అద్దంలో పొగ కనిపించేదాకా ఈడ్చుకుపోతారు. దాని నాలుగు చక్రాలకూ ప్రెజర్ సెన్సర్లు పెట్టడం అదనపు సోకు కాదు. ట్రైలర్ టైరు పేలి తోక ఊగుతుంటే, ట్రైలర్ బ్రేకు ఒక్కదాన్నే చేత్తో కొద్దిగా వేసే మీట ఉంటే అది వాడండి. లాగే బండి బ్రేకు మాత్రం వద్దు.

ఆగే చోటు విషయంలో రిమ్ము మీద జాలి పడకండి. మెత్తటి మట్టి అంచులో చక్రం దిగితే బండి ఒరుగుతుంది, జాకీ నిలవదు. గట్టిగా, సమంగా ఉన్న చోటు కొద్ది దూరంలో కనిపిస్తుంటే నడక వేగంతో అక్కడిదాకా వెళ్లండి. రిమ్ము పాడవుతుంది, పోనీండి. ఆగగానే మొదటి పని పొగ ఉందా, కాలిన వాసన వస్తోందా అని చూడటం. రెండోది బయటి నుంచి గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయడం. మంట మొదలైతే అందరూ దిగిపోవడమే ముందు. మంటలార్పే చిన్న పొడి సిలిండర్ టైరు మంటను ఒక్క క్షణం అణచగలదు, కానీ రబ్బరు లోపలి వేడి తగ్గదు కాబట్టి మళ్లీ రాజుకుంటుంది. దాన్ని నిజంగా ఆర్పేది ధారాళంగా పోసే నీళ్లే. అవి లేకపోతే దూరంగా జరిగి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

మంట లేకపోయినా మనుషులు ట్రాఫిక్ లేని వైపు నుంచి దిగి, రెయిలింగ్ ఉంటే దాని అవతల నిలబడాలి. హెచ్చరిక త్రికోణాలు బండి వెనక 30 మీటర్ల దగ్గర ఒకటి, 60 మీటర్ల దగ్గర ఇంకొకటి, మలుపో ఎత్తో ఉంటే దానికి ముందే కనిపించేలా ఇంకా వెనక. వేగం ఎక్కువుండే రోడ్డు మీద ఈ దూరాలు చాలవు, పెంచండి. పెట్టడానికి నడుస్తున్నప్పుడు త్రికోణాన్ని వచ్చే బండ్ల వైపు చూపిస్తూ నడవండి.

ఇక పేలకుండా చూసుకోవడం. పేలుళ్లలో ఎక్కువ భాగం అప్పటికప్పుడు పుట్టేవి కావు. గాలి తక్కువైనా బరువు ఎక్కువైనా సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ప్రతి చుట్టులోనూ మోతాదుకు మించి వంగి లేస్తుంది. ఆ వంపు లోపల వేడి పుట్టిస్తుంది, వేడికి రబ్బరుకూ తీగల పొరకూ మధ్య అతుకు వదులవుతుంది. ఆ దెబ్బ పోగవుతూ వచ్చి, ఎండగా ఉన్న రోజున వేగంగా వెళ్తున్నప్పుడు బయటపడుతుంది. అందుకే పేలిన రోజు గాలి సరిగ్గానే ఉందే అని వాదించి లాభం లేదు. నెల కిందట ఎలా ఉందన్నది అసలు ప్రశ్న.

మొదలుపెట్టాల్సింది గాలి గేజీతో కాదు, కాటాతో. నీళ్ల ట్యాంకు, డీజిల్, గ్యాస్, సామాను, మనుషులు అన్నీ ఎక్కాక తూకం వేయించండి. 300 లీటర్ల నీళ్లంటేనే 300 కిలోలు. ఇరుసుల వారీగా వేస్తే చాలదు, వీలైతే ఎడమ కుడి విడివిడిగా కావాలి, ఎందుకంటే ఫ్రిజ్, జనరేటర్, నీళ్ల ట్యాంకు ఒకే పక్క ఉండే బండ్లు బోలెడు. లెక్క చూడండి: ఎల్‌టీ 225/75 ఆర్16 సైజు, లోడ్ రేంజ్ 'E' (ఎంత బరువు మోయగలదో చెప్పే తరగతి) టైరు 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఒంటరిగా 1215 కిలోలు, జంటలో ఒక్కొక్కటి 1120 కిలోలు మోస్తుంది. వెనక నాలుగు టైర్లకు కలిపి 4480. వెనక ఇరుసు 4250 తూగితే హాయిగా ఉందనిపిస్తుంది. కానీ అందులో ఎడమ వైపు 2300, కుడి వైపు 1950 అయితే, 2240 మించకూడని ఎడమ జంట ఇప్పటికే మోయలేని బరువు మోస్తోంది. అదే జంటలో ఒకటి గాలి కోల్పోతే మిగిలిన ఒక్కదాని మీద 2300 పడుతుంది, దాదాపు రెండింతలు. వెనక ఒకటి పేలిన కాసేపటికి రెండోదీ పోవడానికి కారణం ఇదే.

బరువు తెలిశాక టైరు తయారీదారు ఇచ్చే బరువు, గాలి పట్టిక తీసుకోండి. ఒక ఇరుసు మీద ఎక్కువ బరువున్న వైపుకు ఎంత గాలి కావాలో చూసి, ఆ ఇరుసు మీది టైర్లన్నింటికీ అంతే పెట్టాలి. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పెట్టకూడదు. పట్టిక చెప్పింది కనీసం, అదే గురి కాదు. దానికి 5 పీఎస్ఐ కలుపుకోండి, రిమ్ము మీదున్న గరిష్ఠ హద్దు మాత్రం దాటొద్దు. తూకం వేయించే వీలు లేనంతకాలం తలుపు దగ్గరి ప్లేటు మీద బండి తయారీదారు రాసిన అంకెను పాటించండి.

గాలి చూడాల్సింది చల్లటి టైరులో, అంటే కనీసం మూడు గంటలు కదలని బండిలో. ఎండ ఒక పక్కే పడుతుంటే ఆ పక్క ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి తెల్లవారుజామే మంచిది. 80 పీఎస్ఐ ఉన్న టైరు 5, 6 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 పీఎస్ఐ పెరుగుతుంది. దారిలో 90కి చేరితే భయపడి గాలి తీసేవాళ్లున్నారు. ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే చల్లటి అంకె నిర్ణయించారు. వేడి మీద తీసేస్తే మర్నాడు పొద్దున టైరు గాలి తక్కువతో బయల్దేరుతుంది, ఇంకా వేడెక్కుతుంది.

జంట టైర్ల దగ్గర కర్రతో కొట్టి చప్పుడు వినే అలవాటు మానేయండి. పూర్తిగా ఖాళీ అయినదాన్ని అది పట్టిస్తుందేమో కానీ 80కి, 55కి తేడా చెప్పలేదు. రెండు వైపులా తల ఉన్న పొడవు గేజీ, కనీసం 120 దాకా చూపేది, లోపలి వాల్వ్‌కు అందేది కొనండి. లోపలి టైరే ఎక్కువగా మోసం చేస్తుంది: గేజీ పట్టడం కష్టం కాబట్టి వదిలేస్తారు, బయటిది నిలబెట్టి ఉంచుతుంది కాబట్టి కుంగినట్టు కనిపించదు. రెండు టైర్ల చుట్టుకొలతల్లో తేడా ఉన్నా పెద్దదే బరువంతా లాక్కుంటుంది, అందుకే అరిగినదాని పక్కన కొత్తది వేయకూడదు. రెండింటి మధ్య ఇరుక్కున్న రాయి సైడ్‌వాల్‌ను కోస్తుంది, ఆగినప్పుడల్లా టార్చి వేసి చూడండి.

వాల్వ్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ గాలి పోయే దారుల్లో అదొకటి. లోపలి టైరుకు వేసే అల్లిక గొట్టం ఊతం లేకుండా వేలాడితే ఊగి ఊగి మొదలు దగ్గర లీకవుతుంది. రబ్బరు వాల్వ్ మీద బరువైన సెన్సర్ తగిలిస్తే వేగంలో అది వంగి పగులుతుంది. సెన్సర్లు పెట్టాలనుకుంటే ముందు లోహపు వాల్వ్‌లు వేయించండి.

ప్రెజర్ సెన్సర్ వ్యవస్థ వద్దనే వాదన నాకు ఒప్పుదల కాదు. నెమ్మదిగా గాలి పోవడం నుంచి మొదలయ్యే పేలుళ్లను అది ముందే చెబుతుంది. చెప్పలేనివి కూడా ఉన్నాయి. గుంత దెబ్బకు లోపలి తీగ తెగిన టైరు, అతుకు వదిలిన ట్రెడ్ చివరి నిమిషందాకా పూర్తి గాలితోనే ఉంటాయి. హెచ్చరిక అంకెలు ఫ్యాక్టరీలో పెట్టినవి వదిలేయకండి. పట్టిక ప్రకారం కనీసం 70 అయి, మీరు 75 పెడితే, తక్కువ హెచ్చరిక 70 దగ్గర మోగాలి. చలి పొద్దున బయల్దేరకముందే మోగిందంటే అది తప్పుడు మోత కాదు, నిజంగానే గాలి పెట్టాలి. ఎక్కువ హెచ్చరిక చల్లటి అంకెకు 20 నుంచి 25 శాతం పైన, వేడి హెచ్చరిక 70 డిగ్రీల దగ్గర సరిపోతాయి. పొడవు బండిలో వెనక సెన్సర్ల సంకేతం ముందుకు అందకపోవచ్చు, అప్పుడు మధ్యలో దాన్ని అందుకుని ముందుకు పంపే రిపీటర్ కావాలి.

వయసు ఇంకో మెలిక. మోటర్‌హోమ్ టైరు అరగకముందే ముసలిదవుతుంది, ఎందుకంటే ఏడాదిలో ఎక్కువ రోజులు నిలిపే ఉంటుంది. సైడ్‌వాల్ మీద డీఓటీ కోడ్ (తయారీ వివరాల కోడ్) చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. మూడంకెలే ఉంటే 2000కు ముందుది, దాంతో గజం కూడా కదలకండి. ఈ పూర్తి కోడ్ ఒక పక్కే ఉండొచ్చు, అది లోపలి పక్కకు తిరిగి ఉంటే కింద దూరి చూడాల్సిందే. ఐదేళ్లు దాటాక ఏటా రిమ్ము విప్పించి లోపలా బయటా పరీక్ష చేయించాలి. పదేళ్లు ఎలా ఉన్నా ఆఖరు. ముందు చక్రాలకు నేనైతే ఏడేళ్లు దాటనివ్వొద్దని చెబుతాను. తీసిన వాటిని వెనక్కి మార్చే ఆలోచన వద్దు. సైడ్‌వాల్ మీద గోరు దిగేంత పగుళ్లు, ఎక్కడైనా ఉబ్బు, మామూలుగా లేని కొత్త కుదుపో దబదబ మోతో మొదలైతే ట్రెడ్ వదులుతోందని అనుమానించి అక్కడే ఆపండి. ఉబ్బిన టైరుకు రిపేరు లేదు.

వేగం హద్దు కూడా చూడండి. సైడ్‌వాల్ మీద ఎల్ అక్షరం ఉంటే 120 కిలోమీటర్లు, కే అయితే 110, జే అయితే 100. పెద్ద బండ్ల టైర్లు కార్ల టైర్లలాంటివి కావు. రోడ్డు బాగుంది కదా అని తొక్కితే వేడి అక్కడే పుడుతుంది.

నిలిపి ఉంచేటప్పుడు ఎండ తగలకుండా టైర్లకు తొడుగులు వేయండి. మెరుపు కోసం పూసే పెట్రోలియం నూనెలు రబ్బరు లోపలి రక్షక రసాయనాలను లాగేస్తాయి, అవి వద్దు. బండిని సమం చేయడానికి చెక్కలు పెడితే టైరు అడుగు మొత్తం చెక్క మీదే ఉండాలి. జంటలో బయటిది చెక్క మీద, లోపలిది గాల్లో ఉంటే బరువంతా ఒక్కదాని మీదే.

స్టెప్నీ విషయానికొస్తే, బస్సంత ఉండే 'క్లాస్ A' మోటర్‌హోమ్‌లలో చాలావాటికి అది రాదు. 22.5 అంగుళాల చక్రం మామూలుగా చాలా బరువుంటుంది, రోడ్డు పక్కన ఒక్కరు మార్చే పని కాదు. అయినా మీ సైజు దొరకడం కష్టమైతే రిమ్ము లేకుండా టైరు ఒక్కటైనా వెంట ఉంచుకోండి. వచ్చే మెకానిక్కు పరికరాలుంటాయి, మీ సైజు టైరే ఉండదు. సైజు, లోడ్ ఇండెక్స్ (టైరు మోసే బరువును చెప్పే అంకె), నట్ల టార్క్ (బిగింపు బలం), లాక్ నట్టు తాళం ఎక్కడుందో ఒక అట్ట మీద రాసి డ్రైవర్ పక్కన పెట్టండి. గాలి పంపు కొనేటప్పుడు దాని గరిష్ఠ అంకె కాదు, మీ ప్రెజర్ దగ్గర ఎంతసేపు ఆగకుండా నడుస్తుందో చూడండి. కార్ల కోసం చేసినవి 60 దాటాక వేడెక్కి చస్తాయి. సీలెంట్ డబ్బా సైడ్‌వాల్ చీలికకు పనికిరాదు. చిన్న క్యాంపర్లకు రిమ్ము మధ్య గాడిలో బిగించే బ్యాండ్లు దొరుకుతాయి. గాలి పోయినా టైరు అంచు ఆ గాడిలోకి జారి ఊడకుండా ఆపుతాయి కాబట్టి ముందు చక్రాలకు వేయించడం మంచి ఖర్చే.

మీరే మార్చుకోగల బండి అయితే జాకీ దగ్గర జాగ్రత్త. బండిని సమం చేసే కాళ్లు చక్రం మార్చడానికి కావు. కొన్ని బండ్లలో పార్కింగ్ బ్రేకు చక్రాలను కాక, వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనక ఒక పక్క చక్రాలు లేపగానే డిఫరెన్షియల్ వల్ల అవి స్వేచ్ఛగా తిరుగుతాయి, బ్రేకు ఉన్నా బండి దొర్లుతుంది. ఎదురు చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టాకే లేపండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి కింద, ఛాసిస్‌కు స్టాండు పెట్టకుండా చేయి కూడా పెట్టొద్దు. గాలి తిత్తి దిగితే ఒక్క క్షణంలో నేలకు ఆనుతుంది. నట్లు పానాతో బిగించి వదిలేయకుండా టార్క్ రెంచితో ముగించండి. 22.5 అంగుళాల హబ్ పైలట్ (మధ్య రంధ్రం హబ్ మీద సరిగ్గా కూర్చునే రకం) చక్రాలకు 610 నుంచి 680 న్యూటన్ మీటర్లు, చిన్నవాటికి మాన్యువల్ ఏమంటే అదే. 80 నుంచి 160 కిలోమీటర్లు నడిచాక మళ్లీ టార్క్ చూడాలి.

చక్రం మార్చాక కూడా పని మిగిలే ఉంటుంది. కావాల్సిన గాలిలో 80 శాతం కన్నా తక్కువతో నడిచిన ఉక్కు తీగల టైరును ఖాళీ అయినట్టే లెక్కించాలి. దానికి అక్కడికక్కడే గాలి కొట్టకండి. లోపల తీగలు అలసిపోయి ఉంటే, గాలి నింపుతున్నప్పుడు సైడ్‌వాల్ జిప్పు తెరుచుకున్నట్టు చీలి మనిషిని చంపేయగలదు. విప్పి చూసి, ఇనుప బోనులో పెట్టి నింపే దుకాణానికే వదలండి. జంటలో పేలినదాని తోడు టైరు బయటికి బాగున్నా రెండింతల బరువు మోసింది. అది పరీక్షలో గట్టిగా నిలబడితే తప్ప రెండూ కలిపి మార్చాలి. వీల్ గూడులో బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు, షాక్ అబ్జార్బర్, గ్యాస్ పైపు ఒక్కొక్కటి చేత్తో తడిమి చూడండి. గ్యాస్ పైపుకు చిన్న గీత కనిపించినా లీక్ పరీక్ష అయ్యేదాకా సిలిండర్ తెరవొద్దు. మిగిలిన టైర్లు కూడా అదే వారం తయారైనవీ, అదే గాలితో తిరిగినవీ అయితే, వాటి మీద మళ్లీ పూర్తి వేగంతో బయల్దేరేముందు కాటా దగ్గరికి వెళ్లండి.